రివ్యూ పిటిషన్ పని మీద మేము వెళ్లిన ఒక న్యాయవాది కార్యాలయం గురించి

న్యాయవాదులు ప్రకటనలు చేసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. పైగా నేను రాయబోయేదాంట్లో మెచ్చుకోలుతో పాటు ఒక ఫిర్యాదు కూడా ఉంది కనుక, వరంగల్ ప్రాంతంలోని ఈ కార్యాలయం పేరు చెప్పడం లేదు.

రెండెకరాల పద్నాలుగు గుంటల మెట్ట భూమి విషయంలో పక్క చేను వారిపై 2016లో మేము వేసిన ఇంజంక్షన్ దావాను (వారు మా భూమి జోలికి రాకుండా ఆపమనే దావాను) సివిల్ కోర్టు కొట్టివేసింది. రివ్యూ వేస్తే అదే కోర్టు తీర్పును తిరగరాస్తుందని ఊళ్లో ఎవరో చెప్పగా, నాన్నగారు ఎనిమిది అభ్యంతరాలు కాగితం మీద రాసుకుని బయలుదేరారు.

గుమస్తా మా గోడు వినకముందే తీర్పు సర్టిఫైడ్ నకలు అడిగి, చివరి పేజీ తిరగేసి ముద్ర చూశాడు. దరఖాస్తు చేసిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ ఉన్న ఆ ముద్ర చూసుకుంటూ పక్కనున్న కాగితం మీద పెన్సిల్‌తో లెక్క వేసి, ‘ఇంకా పదకొండు రోజులుందండి’ అన్నాడు. రివ్యూకు గడువు 30 రోజులేననీ, నకలు తీయడానికి పట్టిన కాలాన్ని అందులోంచి మినహాయిస్తారనీ మాకు అప్పుడే తెలిసింది.

వకీలు గారు ఆ ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా చదివి ఏడు కొట్టేశారు. మా సాక్షిని జడ్జి నమ్మకపోవడం అప్పీలులో చెప్పుకోవలసిన మాటే తప్ప రివ్యూకు పనికిరాదన్నారు. దావా ఓడిపోయాక తహసీల్ కార్యాలయం నుంచి తెచ్చుకున్న పాత పహాణీలను (భూమి సాగు, స్వాధీనం వివరాలు రాసే రెవెన్యూ రికార్డులను) చూపిస్తే, ‘ఇవి ముందే ఎందుకు తేలేదు?’ అని అడిగారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 47వ ఆర్డరు ప్రకారం, తగిన శ్రద్ధ పెట్టినా అప్పట్లో తెలియనిదో, తేలేకపోయినదో అయితేనే కొత్త సాక్ష్యంగా లెక్కకు వస్తుందట. నాన్నగారి దగ్గర జవాబు లేదు. తీర్పు వచ్చాక సుప్రీంకోర్టు వేరే కేసులో చట్టాన్ని మరోలా చెప్పినా అది రివ్యూకు కారణం కాదని ఆ నియమం కిందే వివరణ ఉంది. సర్వే నంబరులో దొర్లిన ఒక అంకె తప్పుకు రివ్యూ అక్కర్లేదనీ, 152వ సెక్షన్ కింద చిన్న దరఖాస్తు చాలుననీ చెప్పారు.

మిగిలిన ఒక్కటి మాత్రం ఆయన కళ్లలో పడింది. దావాకు ముందు సంవత్సరాల పహాణీలు వాది దాఖలు చేయలేదని తీర్పులో ఉంది. 2014-15 పహాణీ మాత్రం మా వైపు సాక్ష్య పత్రంగా, ఎగ్జిబిట్ ఎ-6గా మార్కు అయి, అదే తీర్పు అనుబంధ పట్టికలో కనిపిస్తోంది. వాదించి నిరూపించనక్కర లేకుండా రికార్డు తెరిస్తే కనబడే పొరపాటంటే ఇదేనని ఆయన వేలు పెట్టి చూపించారు. మా ఉత్సాహం హద్దు దాటకుండా, వరంగల్ జిల్లా కొంపల్లి అటవీ భూమి కేసును కూడా ప్రస్తావించారు: అప్పీలులో తానిచ్చిన తీర్పును హైకోర్టు రివ్యూలో తారుమారు చేస్తే, సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో ఆ రివ్యూ ఉత్తర్వును రద్దు చేసి, రాష్ట్ర ప్రభుత్వానికీ ప్రైవేటు పక్షానికీ చెరి అయిదు లక్షల రూపాయల ఖర్చులు విధించింది.

మా డబ్బుకు నిజమైన విలువ దక్కింది తర్వాతి సలహాలో. రివ్యూ పెండింగులో ఉన్నంత మాత్రాన అప్పీలు గడువు ఆగదు. అప్పీలు వేశాక రివ్యూ అడగడానికి వీల్లేదు. అందుకని ముందు రివ్యూ దాఖలు చేసి, గడువులోనే అప్పీలు కూడా వేశారు. ఆ వరసలో వెళితే, అప్పీలు తేలిపోనంతవరకు రివ్యూను విచారించవచ్చని తుంగభద్ర ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పిందట. అది మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన అమ్మకం పన్ను తగాదా కావడం విశేషం. రివ్యూ కొట్టివేస్తే ఆ ఉత్తర్వుపై అప్పీలు లేదనీ, రెండో రివ్యూ అసలే లేదనీ ముందే చెప్పి మరీ వకాలతు మీద సంతకం చేయించుకున్నారు.

ఇక ఫిర్యాదు. ఫీజు ఎంతో మొదటిరోజు నోటిమాటగా చెప్పారే గాని కాగితం మీద పెట్టలేదు. టైపింగు, నకళ్లు, బ్యాటా (నోటీసు పంపే ఖర్చు) అంటూ గుమస్తా మూడుసార్లు అడిగి తీసుకున్న డబ్బుకు రసీదు లేదు. వాయిదా తేదీ కోసం ఫోన్ చేస్తే సాయంత్రం ఏడు దాటేదాకా ఎత్తరు. చివరికి ఈకోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొట్టి నేనే చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఎదుటివారికి నోటీసు అందింది, తీర్పిచ్చిన జడ్జి గారే ఇంకా అక్కడ ఉన్నందున వారి ముందే వాదన జరగాలి. ఫలితం ఏమైనా అయిదింటికి నాలుగు మార్కులు ఇస్తాను; ఆ ఒక్కటీ రసీదుల లెక్కలో పోయింది.