టైమర్ పెట్టి లెక్కలా, కలిసి కూర్చుని లెక్కలా?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగు ఇళ్లలో అమ్మాయి మూడో తరగతికి వచ్చిందంటే ఏ లెక్కల క్లాసులో చేర్పించాలన్న చర్చ మొదలవుతుంది. ఫీజు కంటే ముందు చూడాల్సింది పద్ధతి.

టైమర్ పెట్టి చేయించే క్లాసుల్లో ఎక్కాలు నోటికొస్తాయి, పోటీ పరీక్షల్లో చెయ్యి ఆగదు. వేగం మగపిల్లల సొత్తేమీ కాదు. ఈ ఊళ్లోనే పుట్టిన శకుంతలా దేవి 1980లో లండన్‌లో రెండు 13 అంకెల సంఖ్యలను 28 సెకన్లలో గుణించింది! చిక్కల్లా, ‘ఎందుకు’ అని అడగడానికి అక్కడ టైమ్ ఉండదు.

ఇంగ్లండ్‌లో లెక్కల బోధనపై పరిశోధన చేసే జో బోలర్ రెండు స్కూళ్లను మూడేళ్లు గమనించి 1997లో ఫలితాలు ప్రచురించారు. పాఠ్యపుస్తకం పట్టుకుని వేగంగా నడిపించిన స్కూల్లో, బాగా చదివేవాళ్లుండే పై సెక్షన్లలోని చాలామంది అమ్మాయిలు అర్థం కాకుండానే పరుగెత్తాల్సి వస్తోందని విసిగిపోయారు. ఆ టెన్షన్ అబ్బాయిలకూ నచ్చలేదు గానీ, వాళ్లు దాన్ని పందెంలా తీసుకున్నారు. ప్రాజెక్టులతో నేర్పిన స్కూల్లో మాత్రం పరీక్షల్లో ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండు స్కూళ్లను చూసి లోకమంతా ఇంతే అనలేం, నిజమే.

కలిసి కూర్చుని చేసే గ్రూపు పద్ధతిలోనూ ఒక మోసం ఉంది. లెక్క అబ్బాయి చెప్తాడు, ‘నీ రాత బాగుంటుంది’ అని చార్టు అమ్మాయి చేతికిస్తారు. టీచరు వంతులు మార్చకపోతే ఇదీ దండగే.

నా ఓటు ఆరో తరగతి దాకా గ్రూపు పద్ధతికే. టైమర్ తర్వాతైనా అలవాటవుతుంది. డెమో క్లాసుకు వెళ్తే, బోర్డు దగ్గరికి ఎవరిని పిలుస్తున్నారో కాస్త గమనించండి.