పాత సాఫ్ట్‌వేర్ పోనంటే ఏది మేలు: మైక్రోసాఫ్ట్ టూలా, రేవోనా, రిజిస్ట్రీనా?

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా బాబాయికి జిరాక్సు షాపు, ఉన్న ఒక్క కంప్యూటర్లోనే తెలుగు టైపింగూ ఒడియా టైపింగూ రెండూ ఉండాలి, ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి వచ్చినోళ్ళకి తెలుగు అర్జీ కావాలి, ఊళ్ళో ఆఫీసులకేమో ఒడియాలో ఇవ్వాలి. మొన్న ఒడియా టైపింగ్ కొత్త వెర్షన్ ఎక్కిస్తుంటే ఎర్రర్ 1714, అంటే పాత వెర్షన్ తియ్యలేకపోతున్నా అని, దాని పక్కనే 1612, అంటే పాతదాని ఇన్‌స్టాల్ ఫైలు దొరకట్లేదని. పోనీ పాతది మనమే తీసేద్దామంటే ఎంఎస్ఐ ఫైలు, అంటే దాన్ని ఎక్కించిన ఫైలు, ఎక్కడుందో చూపించమంటుంది. ఎప్పుడో పదేళ్ళనాటి సీడీ, ఎక్కడినుంచి తెస్తాం?

ఇలాంటప్పుడు నా ఓటు మైక్రోసాఫ్ట్ వాళ్ళ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అండ్ అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్‌కే. ఉచితం, చిన్న ఫైలు, ఎక్కించడంలో ఇబ్బందా తియ్యడంలోనా అని అడిగి లిస్టు చూపిస్తుంది, రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోట, పాడైన కీలు (ఎంట్రీలు) అదే చూసుకుంటుంది. కాకపోతే ఇది విండోస్ ఇన్‌స్టాలర్ ద్వారా, అంటే ఎంఎస్ఐతో ఎక్కినవాటికే పనికొస్తుంది, పైగా ఫోల్డర్లు ఒక్కోసారి అలాగే మిగిలిపోతాయి, అవి మనమే డిలీట్ చేసుకోవాలి.

సొంత సెటప్‌తో ఎక్కే సాఫ్ట్‌వేర్లు చాలా ఉంటాయి కదా, వాటికి రేవో అన్‌ఇన్‌స్టాలర్ మేలు. ఫ్రీ వెర్షన్ చాలు. ముందు రీస్టోర్ పాయింట్ (ఏదైనా చెడితే వెనక్కి వెళ్ళడానికి) పెట్టి, ఆ సాఫ్ట్‌వేర్ సొంత అన్‌ఇన్‌స్టాలర్ని నడిపి, తర్వాత మిగిలిన ఫైళ్ళూ కీలూ వెతికి చూపిస్తుంది. అడ్వాన్స్‌డ్ స్కాన్ పెట్టి అన్నీ టిక్కు కొట్టి తీసేయొద్దు, తెలుగు ఒడియా రెండూ ఒకే కంపెనీవైతే కొన్ని ఫైళ్ళు రెండిటికీ కలిసి ఉండొచ్చు, ఒకటి తీయబోయి రెండోది పోతే షాపు మూసుకోవాలి. మోడరేట్ స్కాన్ చాలు.

రిజిస్ట్రీలో మనమే చెయ్యి పెట్టడం మాత్రం వద్దు. చాలామంది అన్‌ఇన్‌స్టాల్ కీ తీసేసి పోయింది అనుకుంటారు, కంట్రోల్ ప్యానెల్లో పేరు పోతుందంతే, సాఫ్ట్‌వేర్ అక్కడే ఉంటుంది. తెలిసినోళ్ళు చేసిన టూలే ఇందులో దెబ్బతింది, మైక్రోసాఫ్ట్ పాత క్లీనప్ యుటిలిటీ మిగతా ప్రోగ్రాముల్ని కూడా చెడగొడుతుందని 2010లో వాళ్ళే వెనక్కి తీసుకున్నారు.

అన్నట్టు 1618 వస్తే ఏ టూలూ అక్కర్లేదు, ఇంకో ఇన్‌స్టాల్ నడుస్తుందని అర్థం, కాసేపాగండి లేదా రీస్టార్ట్ కొట్టండి.

బాబాయి కంప్యూటర్ ట్రబుల్‌షూటర్‌తోనే తేలిపోయింది, పాత ఫోల్డర్ తీసి రీస్టార్ట్ చేస్తే కొత్తది ఎక్కింది. అసలు ఇదంతా ఎందుకొచ్చిందా అని చూస్తే, సి డ్రైవ్ నిండిపోయిందని ఎవరో కుర్రాడు విండోస్ ఫోల్డర్లో దాచి ఉండే ఇన్‌స్టాలర్ ఫోల్డర్ని ఖాళీ చేసేశాడు. తియ్యడానికి కావాల్సిన ఎంఎస్ఐ కాపీలు ఉండేది అక్కడే. జాగా కావాలంటే డిస్క్ క్లీనప్ వాడండి, ఆ ఫోల్డర్ జోలికి మాత్రం వెళ్ళకండి.