గంపగుత్తా, పంపకమా? అమెరికా ఎలెక్టర్ల లెక్కలో ఏది మేలు

2020 నవంబరులో టెక్సస్ రాష్ట్రంలో జో బైడెన్‌కు 52 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. ఓటర్ల తరఫున అధ్యక్షుణ్ని ఎన్నుకునే ప్రతినిధులే ఎలెక్టర్లు. ఆ రాష్ట్రానికున్న 38 మంది ఎలెక్టర్లలో ఒక్కరూ ఆయనకు దక్కలేదు. అదే రోజు కాలిఫోర్నియాలో డొనాల్డ్ ట్రంప్‌కు 60 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. మరే రాష్ట్రమూ ఆయనకు అంత ఎక్కువ ఓట్లు వేయలేదు. అయినా కాలిఫోర్నియాలోని 55 మంది ఎలెక్టర్లలో ఆయన వాటా సున్నా.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మా పిన్ని కొడుకు పౌరసత్వం వచ్చాక మొదటిసారి ఓటు వేసిన ఏడాది అది. "నా ఓటు పడ్డా ఒకటే, పడకపోయినా ఒకటే" అన్నాడు ఫోనులో. అట్లాంటా శివార్లలో ఉన్న అతని స్నేహితుడికి మాత్రం రెండు పార్టీల ఫోన్లతో, కరపత్రాలతో ఆ నెలంతా ఊపిరాడలేదట. జార్జియాలో చివరికి తేలిన తేడా 11,779 ఓట్లు. ఒకే దేశం, ఒకే ఎన్నిక, ఒకే రకం ఓటు. ఒకరు పెళ్లికొడుకు, ఇంకొకరు పిలవని పేరంటం.

ఈ తేడాకు ఎలక్టోరల్ కాలేజీ, అంటే ఈ ఎలెక్టర్ల వ్యవస్థ, కారణమని అందరూ అంటారు. నా లెక్క ప్రకారం అసలు దోషి కాలేజీ కాదు, దానికి రాష్ట్రాలు తగిలించుకున్న గంపగుత్త పద్ధతి. రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఎలెక్టర్లందరూ గెలిచినవారికే. ఇది రాజ్యాంగంలో లేదు. ఎలెక్టర్లను ఎలా నియమించుకోవాలో ఆయా రాష్ట్రాల శాసనసభలే నిర్ణయించుకోవాలని మాత్రమే రాజ్యాంగం రెండో అధికరణం చెబుతుంది. మొదట్లో చాలాచోట్ల శాసనసభలే నేరుగా ఎలెక్టర్లను ఎంచుకునేవి. దక్షిణ కరొలినా 1860 దాకా అలాగే చేసింది.

మొత్తం ఎలెక్టర్లు 538 మంది, గెలుపుకు 270 కావాలి. వీరెవరో ఓటర్లలో చాలామందికి తెలియదు. పార్టీలు రాష్ట్ర మహాసభల్లోనో, కమిటీల్లోనో తమ నమ్మకస్తుల పేర్లు ఖరారు చేస్తాయి. పెన్సిల్వేనియాలోనైతే అభ్యర్థే ఎంచుకుంటారు. తమ పార్టీ అభ్యర్థికే ఓటేస్తానన్న మాట ఎలెక్టరు తప్పకుండా రాష్ట్రాలు చట్టంతో కట్టడి చేయవచ్చని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఎలెక్టరు మనస్సాక్షి గురించిన చర్చ పక్కన పెట్టి, లెక్క ఎలా వేయాలన్నదే చూద్దాం. దారులు నాలుగు.

గంపగుత్తతో మొదలుపెడదాం. దీన్ని వెనకేసుకొచ్చేవారి వాదన తీసిపారేయదగినది కాదు. ఫలితం స్పష్టంగా తేలుతుంది, గొడవ వస్తే ఒక రాష్ట్రానికే పరిమితమవుతుంది అంటారు. 2000లో ఫ్లోరిడాలో జార్జి బుష్ ఆధిక్యం 537 ఓట్లు, దాంతో 25 మంది ఎలెక్టర్లూ ఆయన ఖాతాలో పడ్డారు. రీకౌంటింగ్ రగడ అక్కడే ఆగింది, దేశమంతా పాకలేదు. నిజమే. కానీ ఆ ఏడాది దేశం మొత్తం మీద ఆయన ప్రత్యర్థి అల్ గోర్‌కు 5 లక్షల 40 వేలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి. దేశాన్ని ఒకే పెట్టెగా లెక్కించి ఉంటే రీకౌంటింగ్ ఎవరూ అడిగేవారు కాదు. నిప్పు అంటించి, చూశారా మంట ఒక గదిలోనే ఆపాం అన్నట్టుంది ఆ వాదన. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఓట్ల ఆధిక్యం ఉంది. మిచిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియాల్లో కలిపి 78 వేల లోపు ఓట్ల తేడా దాన్ని మింగేసింది.

చిన్న రాష్ట్రాలకు ఈ పద్ధతే రక్ష అనే మాటకూ పెద్దగా బలం లేదు. ఒక్కో రాష్ట్రానికి ప్రతినిధుల సభలో ఎన్ని సీట్లో అంతమంది, దానికి తోడు రెండు సెనేట్ స్థానాలకు ఇద్దరు ఎలెక్టర్లు ఉంటారు. చిన్న రాష్ట్రాలకు అదనపు బరువు ఇచ్చేది ఆ సెనేట్ స్థానాల లెక్క, గంపగుత్త కాదు. ముగ్గురు ఎలెక్టర్లున్న వ్యోమింగ్ ఫలితం ముందే తెలుసు కనుక అభ్యర్థులు అటు తొంగి చూడరు. 2024లో ప్రచారమంతా తిరిగింది ఏడు రాష్ట్రాల చుట్టూ. చిన్నా పెద్దా కాదు ఇక్కడ ప్రశ్న, ఊగిసలాడుతున్నారా లేదా అన్నదే.

మరి ఇంత వంకరైనది ఇన్నేళ్లు ఎందుకు నిలిచింది? 1796లో వర్జీనియా జిల్లాల వారీగా ఎలెక్టర్లను ఎన్నుకుంది. 21 మందిలో ఒకరు అధ్యక్ష అభ్యర్థి జాన్ ఆడమ్స్‌కు దక్కారు. సొంత రాష్ట్రంలో ఆ ఒక్కరిని పోగొట్టుకున్న ప్రత్యర్థి థామస్ జెఫర్సన్ 71–68తో ఓడిపోయారు. 1800 నాటికి వర్జీనియా గంపగుత్తకు మారింది. అందరూ పాటిస్తే జిల్లాల పద్ధతే మంచిది, పది రాష్ట్రాలు పాటించనప్పుడు మిగిలినవారు పాటించడం మూర్ఖత్వం అనే అర్థం వచ్చేలా జెఫర్సన్ ఆ ఏడాది జనవరిలో వర్జీనియా నాయకుడు జేమ్స్ మన్రోకు ఉత్తరం రాశారు. పక్క పొలం వాడు గట్టు జరిపితే మనమూ జరపడమే అన్న లెక్క. 1836 నాటికి దక్షిణ కరొలినా తప్ప అన్ని రాష్ట్రాలూ గంపగుత్తలోకి వచ్చేశాయి.

ఇక జిల్లాల పద్ధతి. మెయిన్ 1972 ఎన్నిక నుంచి, నెబ్రాస్కా 1992 ఎన్నిక నుంచి దీన్ని పాటిస్తున్నాయి. రాష్ట్రమంతటా గెలిచినవారికి ఇద్దరు ఎలెక్టర్లు, ఒక్కో కాంగ్రెస్ నియోజకవర్గంలో గెలిచినవారికి ఒక్కొక్కరు. నెబ్రాస్కా రిపబ్లికన్ల కోట అయినా ఒమాహా నగరమున్న రెండో నియోజకవర్గం 2008లో ఒబామాకు, 2020లో బైడెన్‌కు, 2024లో కమలా హారిస్‌కు ఒక ఎలెక్టరును ఇచ్చింది. 2024లో ఒమాహా ఇళ్ల ముందు అక్షరం ముక్క లేని, డెమోక్రాట్ల రంగైన నీలం చుక్క మాత్రమే ఉన్న తెల్ల బోర్డులు వెలిశాయి. ఆ చుక్కకు అంత విలువ ఎందుకంటే, హారిస్ ఉత్తరాదిన మూడు రాష్ట్రాలు గెలిచి మిగతా ఊగిసలాట రాష్ట్రాలన్నీ ఓడినా, ఒమాహాతో కలిపి సరిగ్గా 270 అయ్యేవి. అందుకే ఎన్నికకు ముందు చట్టం మార్చాలని రిపబ్లికన్లు ఒత్తిడి తెచ్చారు, శాసనసభలో బలం చాలక వదిలేశారు. మీరు మారిస్తే మేమూ మారుస్తామని మెయిన్ నాయకులు అప్పటికే హెచ్చరించారు. మళ్లీ పొలం గట్టు కథే.

ఒమాహాను చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఈ పద్ధతిని దేశమంతా పరిస్తే పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టే. 2012లో ఒబామా దాదాపు 50 లక్షల ఓట్ల ఆధిక్యంతో 332–206గా గెలిచారు. అవే ఓట్లను అన్ని రాష్ట్రాల్లో జిల్లాల వారీగా లెక్కిస్తే రిపబ్లికన్ ప్రత్యర్థి మిట్ రామ్నీ 274–264తో గెలిచేవారు. కారణం నియోజకవర్గాల సరిహద్దులు. పెన్సిల్వేనియాలో ఆ ఏడాది ఒబామాదే పైచేయి, అయినా 18 నియోజకవర్గాల్లో 13 రామ్నీవి. ఆ సరిహద్దులు గీసింది రాష్ట్రంలో అధికారంలో ఉన్న పార్టీ. ఇప్పటికి ఆ పెన్సిలు కాంగ్రెస్ సీట్లనే మారుస్తోంది. జిల్లాల పద్ధతి వస్తే అధ్యక్ష పీఠాన్నీ మారుస్తుంది. చూడటానికి అన్నిటికన్నా న్యాయంగా కనిపించే ఈ దారినే నేను అట్టడుగున పెడతాను.

మూడోది దామాషా, అంటే రాష్ట్రంలో వచ్చిన ఓట్ల నిష్పత్తిలో ఎలెక్టర్లను పంచడం. సరిహద్దులతో పని లేదు, ఫ్రిస్కోలో మా వాడి ఓటూ ఎంతో కొంత లెక్కలోకి వస్తుంది. చిక్కు ఏమిటంటే ఏ రాష్ట్రమూ ఒంటరిగా దీనికి ఒప్పుకోదు. 2004లో కొలరాడోలో ప్రజల ముందు ఈ ప్రతిపాదన పెడితే దాదాపు మూడింట రెండు వంతుల మంది కాదన్నారు. తొమ్మిది మంది ఎలెక్టర్లను 5–4గా పంచుకునే రాష్ట్రంలో అభ్యర్థులు కొట్లాడేది ఒక్కరి కోసమే. అంతమాత్రానికి వారు విమానం దిగుతారా?

పెద్ద చిక్కు మరొకటి. 1992లో బిల్ క్లింటన్ 43 శాతం ఓట్లతో 370 మంది ఎలెక్టర్లను గెలిచారు. సుమారు 19 శాతం తెచ్చుకున్న స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరోకు ఒక్కరూ రాలేదు. దామాషా ఉంటే పెరోకు వంద మంది దాకా వచ్చేవారు, ఎవరికీ 270 అందేది కాదు. అప్పుడు 12వ సవరణ ప్రకారం నిర్ణయం ప్రతినిధుల సభకు పోతుంది. అక్కడ రాష్ట్రానికి ఒకే ఓటు. దాదాపు 4 కోట్ల జనమున్న కాలిఫోర్నియాకు ఒకటి, 6 లక్షలైనా లేని వ్యోమింగ్‌కు ఒకటి. 1824లో ఓట్లలోనూ ఎలెక్టర్లలోనూ ముందున్న ఆండ్రూ జాక్సన్‌ను కాదని జాన్ క్విన్సీ ఆడమ్స్‌ను గెలిపించింది ఈ సభే. ఈ నిబంధన మార్చకుండా దామాషా తెస్తే, న్యాయంగా పంచిన లెక్క చివరికి అన్నిటికన్నా అన్యాయమైన తూకంలోకి వెళ్లి పడుతుంది. మారిస్తే మాత్రం గంపగుత్త కన్నా ఎంతో మెరుగు.

నాలుగోది, నేను మొగ్గేది, దేశమంతా ఒకే లెక్క. 1969లో ప్రతినిధుల సభ ఇందుకు రాజ్యాంగ సవరణను 338–70తో ఆమోదించింది. మరుసటి ఏడాది సెనేట్‌లో దాన్ని సాగదీసి చంపేశారు. ఇప్పుడున్నది పక్కదారి. దేశంలో ఎక్కువ ఓట్లు ఎవరికి వస్తే మా ఎలెక్టర్లందరూ వారికే అని రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటున్నాయి. 2007లో మేరీలాండ్ మొదలుపెట్టింది. 2024 నాటికి చేరిన రాష్ట్రాల ఎలెక్టర్లు 209. 270కి చేరిన రోజునే ఒప్పందం అమల్లోకి వస్తుంది. గంపగుత్తను గంపగుత్తతోనే ఓడించే ఎత్తు ఇది, నాకు ఆ తెలివి నచ్చుతుంది. కానీ చేరినవన్నీ దాదాపు డెమోక్రాట్ల రాష్ట్రాలే. 2004 లాంటి ఏడాది వస్తే కాలిఫోర్నియా తాను ఓడించిన బుష్‌కే తన ఎలెక్టర్లందరినీ అప్పగించాలి. ఆ సాయంత్రం లాస్ ఏంజెలిస్ వీధుల్లో ఒప్పందం మీద ప్రేమ ఎంత మిగులుతుందో చెప్పలేను.

దీనికి ఇంకో లోపముంది, తెలుగువాళ్లం సులభంగా పట్టుకోగలిగినది. ముగ్గురు నలుగురు పోటీలో ఉంటే 35 శాతంతోనూ గెలిచిపోవచ్చు. మన రాష్ట్రపతి ఎన్నికకూ ఎలక్టోరల్ కాలేజీ ఉంది, అందులో గంపగుత్త లేదు, విప్ లేదు, ప్రాధాన్య ఓటు ఉంది. 1969లో వి.వి. గిరికి మొదటి ప్రాధాన్య ఓట్లు 4,01,515 విలువకు వచ్చాయి, నీలం సంజీవరెడ్డికి 3,13,548. ముందున్నా గిరికి సగం దాటలేదు. మూడో స్థానంలో ఉన్న సి.డి. దేశ్‌ముఖ్‌కు, మిగతావారికి ఓటేసినవారి రెండో ప్రాధాన్యాలు లెక్కించాక 4,20,077 – 4,05,427గా తేలింది. వెనకబడిన సంజీవరెడ్డి ఎంత దగ్గరికి వచ్చారో చూడండి. అయినా గెలిచిన గిరికి సగానికి పైగా మద్దతు ఉందని ఎవరూ కాదనలేకపోయారు.

అమెరికాలో అధ్యక్ష ఎన్నికకు ఇలాంటి ప్రాధాన్య ఓటును మొదట వాడిన రాష్ట్రం మెయిన్, 2020లో. ఎలెక్టర్లను జిల్లాల వారీగా పంచే ఆ మెయినే 2024లో దేశమంతా ఒకే లెక్క అనే ఒప్పందంలోనూ చేరింది.