తెలుగు నవలలకు డ్యూయీ నంబరా, రచయిత పేరా?

ఊళ్లో కొత్తగా చిన్న లైబ్రరీ పెట్టినవాళ్లు ఎవరు ఫోన్ చేసినా ఇదే అడుగుతున్నారు. పుస్తకాలకు డ్యూయీ నంబర్లు, అంటే విషయాన్ని బట్టి ఇచ్చే అంకెలు వేయాలా, రచయిత పేరుతో సర్దేస్తే చాలా? పోయిన వేసవిలో మా లైబ్రరీలో నవలల అరలన్నీ దించి మళ్లీ సర్దాం కాబట్టి మాకు తెలిసొచ్చింది రాస్తున్నాను.

డ్యూయీ మీద నాకేం కోపం లేదు. చరిత్ర, ఆరోగ్యం, వ్యవసాయం లాంటివాటికి అదే మేలు, 630 అని మూడంకెలు వేసినా సాగు పుస్తకాలన్నీ ఒకచోటికి చేరతాయి. చిక్కంతా సాహిత్యం దగ్గరే. 1876లో అమెరికాలో పుట్టిన పద్ధతి కదా, ఇంగ్లిష్ నవల 823తో తేలిపోతుంది, మన నవలేమో మిగతా భాషలతో పాటు 890ల్లో పడి 894.8273 దాకా సాగుతుంది. సరే, ఓపిగ్గా వేశాం అనుకోండి, గదిలో సగానికి పైగా పుస్తకాల స్పైన్ (అరలో బయటికి కనిపించే వీపు) మీద అదే నంబరు. వీధి మొత్తానికి ఒకటే డోర్ నంబరు వేసినట్టు.

అప్పుడు పుస్తకం దొరికేది నంబరు కింద రాసే రచయిత అక్షరాలతోనే. నా మటుకు తేల్చేది ఇదే: ఆ అక్షరాలు పాఠకుడు నోటితో అడిగే పేరువేనా? మా పాత రిజిస్టరులో ఎవరో పట్టుబట్టి అందరికీ ఇంటిపేరే రాశారు. దాంతో చలం 'గుడిపాటి'లోకి, బుచ్చిబాబు 'శివరాజు'లోకి వెళ్లిపోయారు, అడగడానికొచ్చినవాళ్లు ఉత్త చేతులతో పోయారు. అలాగని ఇంటిపేరు వద్దనుకుంటే యద్దనపూడిని అందరూ ఇంటిపేరుతోనే అడుగుతారు! రావిశాస్త్రితో గొడవే లేదు, ఇంటిపేరు రాచకొండ అన్నా 'రా'నే. అందుకే జనం పిలిచే పేరుకే, తెలుగు అక్షరాల్లోనే లేబుల్ వేశాం. ఇంగ్లిష్‌లో వేస్తే 'శ'కు ఒకరు ఎస్ రాస్తారు, ఇంకొకరు ఎస్‌హెచ్ రాస్తారు. మధుబాబు రాసిన షాడో నవలలకు మాత్రం రచయిత పేరు కూడా పనికిరాదు, షాడో అనే అడుగుతారు, దానికో అర ఇచ్చేశాం.

ఇంకో సంగతి, తిరిగొచ్చిన పుస్తకాలు సర్దేది అటెండరు, సెలవుల్లో హైస్కూలు పిల్లలు. చుక్క తర్వాత నాలుగంకెలు చూడమంటే విసుక్కుంటారు, 'య' అరలో పెట్టమంటే టక్కున పెట్టేస్తారు.

పలువురి రచనలు కలిపి వేసిన సంకలనాలకు ఈ పద్ధతి కుదరదు, వాటిని పుస్తకం పేరుతోనే సర్దుకోవాలి. రేపు సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే అవసరం కాబట్టి డ్యూయీ నంబరు రిజిస్టరులో రాసుకోండి, స్పైన్ మీద అక్కర్లేదు.

మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు పుస్తకాల వర్గీకరణకు తెచ్చిన కోలన్ పద్ధతి (1933) గొప్పదే, కానీ చిన్న లైబ్రరీకి వద్దు. యాక్సెషన్ నంబరు (పుస్తకం లైబ్రరీకి చేరిన వరసలో వేసే నంబరు) వరస, ఉన్న పుస్తకాలన్నీ లెక్క చూసే స్టాక్ వెరిఫికేషన్ రోజున హాయి, అంతే.

సర్దేవాళ్లకు ఒకటి ముందే చెప్పండి: అట్ట మీద డాక్టర్ ఫలానా అని ఉంటే మా పిల్లలు వరసగా 'డ'లో పెట్టేశారు, దసరా దాకా వెతుకుతూనే ఉన్నాం.