టాయ్ హాలరా, మామూలు ట్రావెల్ ట్రైలరా? రెండూ వాడాక నా మాట

ఫీనిక్స్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు పికప్ వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఇల్లులాంటి ట్రైలర్ కొనాలనుకున్నప్పుడు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. ఇసుకలో నడిపే బండిని ఎక్కించుకోవడానికి వెనక గ్యారేజ్ ఉన్న టాయ్ హాలర్ తీసుకోవాలా, బంక్ బెడ్లున్న మామూలు ట్రావెల్ ట్రైలర్ సరిపోతుందా అని. మేం ముందు ట్రావెల్ ట్రైలర్‌ని కొన్నేళ్ళు వాడాం. దాన్ని అమ్మేసి టాయ్ హాలర్ తీసుకున్నాం, ఇప్పటికీ అదే వాడుతున్నాం. మా ఆవిడ, నేను, ఇద్దరు పిల్లలు, చలికాలంలో గుంటూరు నుంచి వచ్చి కొన్ని నెలలుండే అమ్మానాన్నలు, ఇసుకలో, కచ్చాదారుల్లో నడిపే, నలుగురు కూర్చునే సైడ్-బై-సైడ్ బండి ఒకటి. ఇదీ మా సంసారం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ ప్రయాణాల్లో సగానికి పైగా ఇసుక బండి మీ వెంట వచ్చేదైతే టాయ్ హాలర్ తీసుకోండి. ఏడాదికి ఒకటి రెండుసార్లే అయితే మామూలు ట్రైలర్ కొనుక్కుని, ఆ ఒకటి రెండుసార్లకీ బండి అక్కడే అద్దెకు తీసుకోండి. ఎందుకంటే గ్యారేజ్ ఉన్నందుకు డబ్బు ఒక్కసారే కడతాం గానీ, దాని బరువు, దుమ్ము, పెట్రోలు వాసన, తగ్గిపోయిన పడకలు మాత్రం బండి వెంట వచ్చినా రాకపోయినా ప్రతిసారీ మనతోనే ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యం బరువు. షోరూములో సోఫాలు, టీవీ, వంటగది చూపిస్తారు. మనం చూడాల్సింది ట్రైలర్ మీద ఉండే పసుపు లేబుల్, మన పికప్ డ్రైవర్ తలుపు దగ్గరుండే పేలోడ్ (పికప్ తన మీద మోయగల బరువు) లేబుల్. మా లెక్కే చెబుతాను. మా టాయ్ హాలర్ ఖాళీగా సుమారు 7,400 పౌండ్లు, నిండుగా 11,000 దాటకూడదు. అంటే 3,600 పౌండ్ల సామాను పట్టాలి. వినడానికి బోలెడు. అందులో సైడ్-బై-సైడ్ బండి 1,600. మంచినీళ్ళ ట్యాంకు 100 గ్యాలన్లది, గ్యాలన్ నీళ్ళు 8.34 పౌండ్లు కాబట్టి 834. బండికీ జనరేటర్‌కీ పోసుకునే 30 గ్యాలన్ల పెట్రోలు ట్యాంకు, గ్యాలన్‌కి ఆరు పౌండ్ల చొప్పున ఇంకో 180. అక్కడికి 2,614. మిగిలిన 986 పౌండ్లలోనే పరుపులు, బట్టలు, గిన్నెలు, బియ్యం, కుర్చీలు, పనిముట్లు, ప్రొపేన్, బ్యాటరీలు అన్నీ సర్దుకోవాలి. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి అది పెద్ద ఎక్కువేం కాదు.

ఇక పికప్ సంగతి. ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ముందు కొక్కెం మీద, అంటే పికప్ వెనక భాగం మీద పడాలి. దీన్నే టంగ్ వెయిట్ అంటారు. 11,000 పౌండ్ల ట్రైలర్‌కి అది 1,100 నుంచి 1,650 దాకా ఉంటుంది. హాఫ్ టన్ పికప్ (పికప్‌లలో తేలిక తరగతి) పేలోడ్ 1,600 అనుకోండి. మనుషులు 550, ట్రైలర్ తగిలించే హిచ్ సరంజామా 100 తీసేస్తే మిగిలేది 950. అంటే సరిపోదు. "ఇది 12,000 పౌండ్లు లాగుతుంది సార్" అని అమ్మేవాళ్ళు చెప్పేది ఇంజిన్ సంగతి. పేలోడ్ వేరే విషయం. మా పాత ట్రావెల్ ట్రైలర్ నిండుగా 7,000 పౌండ్లు, టంగ్ వెయిట్ 850 దాకా ఉండేది. హాఫ్ టన్ పికప్ దాన్ని ఇబ్బంది లేకుండా లాగింది. టాయ్ హాలర్ కోసం మేం అంతకంటే పెద్దదైన త్రీ క్వార్టర్ టన్ పికప్‌కి మారాల్సి వచ్చింది. ట్రైలర్ ధరలో ఇది కూడా కలుపుకుని చూడండి.

కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్ళకి ఇంకొక మాట. అక్కడ మామూలు క్లాస్ సి లైసెన్సుతో లాగగలిగే ట్రావెల్ ట్రైలర్ 10,000 పౌండ్ల రేటింగు (నిండుగా ఉండదగ్గ గరిష్ఠ బరువు) వరకే. అది దాటితే నాన్ కమర్షియల్ క్లాస్ ఏ కావాలి. చాలా టాయ్ హాలర్లు ఆ గీత దాటి ఉంటాయి. ట్రైలర్ వెనక ఇంకో చిన్న ట్రైలర్ తగిలించి బండి తీసుకెళ్దామంటే, క్లాస్ సి మీద అదీ కుదరదు.

టాయ్ హాలర్‌లో బరువు ఎంత ఉందనేదే కాదు, ఎక్కడ ఉందనేది కూడా చూసుకోవాలి. గ్యారేజ్‌లో బండి ఎక్కేది ఇరుసులకి వెనక. అందుకే వీటిని ఖాళీగా ఉన్నప్పుడు ముందు బరువు ఎక్కువగా ఉండేటట్టు తయారుచేస్తారు. వెనక బండి ఎక్కించగానే ముందు తేలికవుతుంది. మా దాంట్లో నీళ్ళ ట్యాంకు ఇరుసులకి ముందుంది. వెళ్ళేటప్పుడు నీళ్ళు నిండుగా ఉంటాయి, ముందూ వెనకా సరిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు ఆ 834 పౌండ్లూ ఉండవు, వెనక బండి మాత్రం అలాగే ఉంటుంది.

ఇది మాకు ఐ-8 హైవే మీద తెలిసింది. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ డ్యూన్స్ ఇసుక దిబ్బల నుంచి ఇంటికి వస్తున్నాం. యూమా దాటి డేట్‌ల్యాండ్ దగ్గరికి వచ్చాక పక్కగాలి మొదలైంది. ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటిపోగానే ట్రైలర్ తోక ఎడమకీ కుడికీ ఊగడం మొదలుపెట్టింది. స్టీరింగ్‌ని ఎదురు తిప్పకుండా నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, పికప్ బ్రేకు ముట్టుకోకుండా, డాష్‌బోర్డు మీద బ్రేక్ కంట్రోలర్‌కి ఉండే చిన్న మీటని వేలితో నెట్టాను. ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడ్డాయి, తోక నిలబడింది. ఆ మీట ఎక్కడుందో చూడకుండా చెయ్యి దానిమీదికి వెళ్ళాలి. టాయ్ హాలర్ నడిపే ప్రతివాళ్ళూ ఖాళీ పార్కింగ్ లాట్‌లో దాన్ని సాధన చెయ్యాలి. పక్కకి ఆపాక వెనక సీట్లోంచి నాన్న దిగి చూసి, "ఎడ్లబండికి వెనక బరువు ఎక్కువైతే కాడి లేచిపోదుట్రా, ఇదీ అంతే" అన్నారు. సరిగ్గా అంతే. అప్పటి నుంచి తిరుగు ప్రయాణంలో కూడా నీళ్ళు కొంత నింపుకునే బయల్దేరతాం. బండిని గ్యారేజ్‌లో వీలైనంత ముందుకి ఎక్కిస్తాం. బరువైన పనిముట్ల పెట్టె పికప్‌లోకి మారుస్తాం.

కొన్న తర్వాత ఒక్కసారైనా ట్రక్ స్టాపులో లారీలు తూచే క్యాట్ స్కేల్ మీద తూకం వేయించుకోండి. ముందు పికప్ ఒక్కదాన్నీ, తర్వాత ట్రైలర్ తగిలించి. రెండు చీటీలూ పక్కపక్కన పెడితే టంగ్ వెయిట్ ఎంతో మీకే తెలుస్తుంది. వెళ్ళేటప్పటి తూకం, వచ్చేటప్పటి తూకం విడివిడిగా వేయిస్తే ఇంకా మంచిది.

రాత్రిపూట చేరుకున్నప్పుడు రెండింటి మధ్య తేడా బాగా తెలుస్తుంది. మామూలు ట్రైలర్‌లో తలుపు తియ్యగానే పిల్లలు వెళ్ళి బంకుల్లో పడుకునేవాళ్ళు. పక్కకి జరిగి గదిని పెంచే స్లైడ్ తెరవకపోయినా నిద్ర ఆగేది కాదు. టాయ్ హాలర్‌లో పిల్లల పడకలు గ్యారేజ్‌లోనే. మోటారుతో పైకప్పు నుంచి దిగే పడకలు అవి. బండి లోపలున్నంతసేపూ అవి దిగవు. చీకట్లో ర్యాంప్ దించి, పట్టీలు విప్పి, బండిని వెనక్కి దించి, నేల తుడిచి, తలుపులు తెరిచి వాసన పోయేదాకా ఆగి, అప్పుడు పడకలు దింపాలి. వర్షంలో ఈ పని చెయ్యడం చాలా కష్టం. దారిలో ఎక్కడైనా ఒక రాత్రి ఆగాల్సి వస్తే మేం హోటల్ తీసుకుంటాం.

పెట్రోలు వాసన విషయంలో నేను రాజీపడను. బండిలో పెట్రోలు నిండుగా పోసి అరిజోనా ఎండలో గ్యారేజ్‌లో పెడితే అది వ్యాకోచించి ఆవిరి వదులుతుంది. ట్యాంకు సగానికి ఉంచే ఎక్కిస్తాం. ప్రయాణంలో గ్యారేజ్ వెంట్లు తెరిచి ఉంచుతాం. బండి లోపలుండగా అదే గదిలో పిల్లల్ని పడుకోబెట్టేది లేదు. జనరేటర్ నడిచే ట్రైలర్ కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ అలారం, ప్రొపేన్ అలారం ప్రతిసారీ బటన్ నొక్కి చూస్తాం. వాటి మీద గడువు తేదీ ఉంటుంది, అదీ చూసుకోవాలి. గ్యారేజ్‌కీ పడకగదికీ మధ్య గోడా తలుపూ ఉన్న మోడల్ దొరికితే, కాస్త ఎక్కువ పెట్టినా అదే కొనమంటాను. మాది అలాంటిది కాదు, మొత్తం ఒకే హాలు. మా ఆవిడకి ఇప్పటికీ నచ్చని విషయం ఇదొక్కటే.

దుమ్ము గురించి పెద్దగా చెప్పేదేం లేదు, వస్తుంది. ర్యాంప్ చుట్టూ ఉండే రబ్బరు సీలు ఎంత బాగున్నా కచ్చారోడ్డు మీద సన్నటి మట్టి లోపలికి చేరుతుంది. ఆ ర్యాంప్ తలుపు నుంచే చలీ వేడీ కూడా వస్తాయి. 110 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో ఒక ఏసీ గ్యారేజ్‌ని చల్లబరచలేదు. రెండో ఏసీ ఉండాలి. అవి రెండూ కలిసి నడవాలంటే 50 ఆంప్ కనెక్షనో, పెద్ద జనరేటరో ఉండాలి.

నీళ్ళ విషయంలో టాయ్ హాలర్ గెలుస్తుంది, కానీ పూర్తిగా కాదు. మా పాత ట్రైలర్‌లో మంచినీళ్ళు 45 గ్యాలన్లే. ఇందులో 100. కరెంటు, కుళాయి ఏమీ లేని ఎడారిలో ఇది పెద్ద సుఖం. అయితే వాడిన నీళ్ళు పట్టే గ్రే ట్యాంకు 40 గ్యాలన్లే. మన వంటకి అదే ముందు నిండుతుంది. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు గిన్నెలు, వేపుడు మూకుడు. ఎడారిలో ఆ నీళ్ళు నేలమీద వదలకూడదు. అందుకని మేం నూనె గిన్నెల్ని ముందు పేపర్ టవల్‌తో తుడిచేసి, ఆ తర్వాతే కడుగుతాం. బియ్యం ఇంటి దగ్గరే కడిగి ఆరబెట్టి డబ్బాలో తెచ్చుకుంటాం. ఈ రెండు అలవాట్లతో మాకు వారాంతం మొత్తం గ్రే ట్యాంకు సరిపోతోంది.

ఇన్ని ఇబ్బందులున్నా మేం దీన్ని అమ్మకపోవడానికి కారణం ఆ ర్యాంపే. బండి దించేశాక ర్యాంప్‌ని నేలకి సమాంతరంగా కేబుళ్ళ మీద నిలిపి, చుట్టూ రెయిలింగు తగిలిస్తే అరుగులా తయారవుతుంది. రెండు బర్నర్ల స్టవ్ దానిమీద పెట్టుకుంటే పోపు ఘాటు పరుపులకి పట్టదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. మెట్లు దిగకుండా లోపలి సోఫాలోంచి నేరుగా అరుగు మీదికి వచ్చి కూర్చుంటుంది. పొద్దున్నే కాఫీ పట్టుకుని అక్కడి నుంచే ఇసుక దిబ్బల మీద జెండా కర్రలతో తిరిగే బళ్ళని చూస్తుంది. ఇంపీరియల్ డ్యూన్స్‌లోని గ్లామిస్ దగ్గర చలికాలం వారాంతాల్లో అలాంటి ట్రైలర్లు ఊరిలా వెలుస్తాయి. థ్యాంక్స్‌గివింగ్‌కైతే చోటు దొరకడమే కష్టం. అక్కడికి అక్టోబరు నుంచి ఏప్రిల్ సగం దాకా పర్మిట్ తప్పనిసరి, ముందే కొనుక్కుంటే తక్కువ పడుతుంది. అమ్మానాన్నలు మాతో ఎడారికి రావడానికి ఒప్పుకున్నది ఈ అరుగు చూశాకే. పాత ట్రైలర్‌లో వాళ్ళు ఆ మూడు ఇరుకు మెట్లు ఎక్కలేక ఇంటి దగ్గరే ఉండిపోయేవాళ్ళు. ఒక హెచ్చరిక: ర్యాంప్ నేలమీద ఉన్నప్పుడు మోసే బరువు వేరు, కేబుళ్ళ మీద వేలాడుతున్నప్పుడు మోసే బరువు వేరు. రెండూ దాని మీదున్న స్టిక్కర్‌లో చూసుకోండి.

అదే వేసవిలో ఫ్లాగ్‌స్టాఫ్ వైపు అడవుల్లోకి, గ్రాండ్ కాన్యన్‌కి వెళ్ళేవాళ్ళయితే మామూలు ట్రైలరే హాయి. పొట్టిది దొరుకుతుంది, తేలిక. ఐ-17 హైవే మీద బ్లాక్ కాన్యన్ సిటీ నుంచి సన్‌సెట్ పాయింట్‌కి ఎక్కే ఎత్తులో ఇంజిన్ వేడి ముల్లు చూస్తూ టెన్షన్ పడక్కర్లేదు. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో 30 అడుగులు దాటిన వాహనానికి చోటు లేదు. పొడుగు బళ్ళు ట్రైలర్ విలేజ్ అనే ఇంకో క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్ళాలి. మా టాయ్ హాలర్‌తో మేం అటు వెళ్ళడం బాగా తగ్గించేశాం, అది మాకు లోటే.

వాడిన టాయ్ హాలర్ కొనేవాళ్ళు టార్చిలైటు, టేపు తీసుకెళ్ళండి. మీ బండి పొడవు, వెడల్పు, పైనుండే ఇనుప చట్రం (కేజ్) ఎత్తు ముందే రాసుకోండి. నాలుగు సీట్ల బండి 12 అడుగులు, ఒక్కోటి అంతకంటే పొడుగూ ఉంటుంది, చాలా గ్యారేజ్‌లు కాగితం మీద అంత చూపిస్తాయి గానీ సోఫాలు, అల్మారాలు లోపలికి పొడుచుకొస్తాయి. టేపు వాటి మధ్య పెట్టి కొలవండి. బండిని పట్టీలతో కట్టడానికి నేలకి బిగించిన డి రింగుల చుట్టూ రబ్బరు పైకెత్తి చెక్క మెత్తబడిందేమో వేలితో నొక్కి చూడండి. ఆ రింగులు కింద ఫ్రేముకి బిగించి ఉన్నాయా, ఉత్త ప్లైవుడ్‌కా అన్నది ట్రైలర్ కిందకి దూరి చూస్తేనే తెలుస్తుంది. ర్యాంప్ కీళ్ళ దగ్గర తుప్పు, టైర్ల పక్కన నాలుగంకెల తయారీ తేదీ చూడండి. గ్యారేజ్ తలుపులన్నీ మూసి లోపల పది నిమిషాలు కూర్చోండి. పెట్రోలు వాసన తల పట్టేస్తే ఎక్కడో కారుతోందన్నమాట, ఆ ట్రైలర్ ఎంత తక్కువకి వచ్చినా తీసుకోకండి.