పైపర్ ట్విన్ కొమాంచీ: పాత రెండింజిన్ల విమానం కొని కొన్నేళ్లు నడిపాక

డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లలో పైలట్ లైసెన్సు తీసుకున్నవాళ్లు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. ఎక్కువమంది సెస్నా 172 దగ్గర మొదలుపెడతారు, స్తోమత ఉన్నవాళ్లు సిరస్ కొంటారు. నేను 1960లలో తయారైన పైపర్ పీఏ-30 ట్విన్ కొమాంచీ కొన్నాను. లక్ష డాలర్లకు కాస్త అటూ ఇటూగా రెండింజిన్ల విమానం వచ్చిందంటే నమ్మలేనట్టు చూస్తారు. కొనడం చవకే. ఉంచుకోవడం కాదు కాబట్టే ఆ ధరకు దొరుకుతోంది.

పైపర్ కంపెనీ దీన్ని 1963లో తన పాత రెండింజిన్ల విమానం అపాచీ స్థానంలో తెచ్చింది. ఒకే ఇంజిన్ ఉండే కొమాంచీ విమానాన్నే తీసుకుని, ముక్కులోని ఇంజిన్ తీసేసి రెక్కల మీద రెండు లైకమింగ్ ఐఓ-320 ఇంజిన్లు పెట్టారు. ఒక్కొక్కటి 160 హార్స్‌పవర్. ఆ మార్పు వెనక విమానాల డిజైనర్ ఎడ్ స్వేరింజన్ చెయ్యి ఉంది. ఇంజిన్లు చిన్నవి, ఒళ్లు నున్నగా ఉంటుంది. అందుకే గంటకు 16, 17 గ్యాలన్ల పెట్రోల్‌తో 160 నాట్ల (గంటకు దాదాపు 184 మైళ్ల) వేగం వస్తుంది. అదే రోజుల నాటి సెస్నా 310 అయితే గంటకు 25 గ్యాలన్ల పైమాటే. 310 గట్టి విమానం, లోపల చోటూ ఎక్కువ, కానీ బంకు దగ్గర బిల్లు కట్టేది మనమే కదా. 1964 డిసెంబరులో మాక్స్ కాన్రాడ్ అనే పైలట్, అదనపు ట్యాంకులు పెట్టించుకుని, ట్విన్ కొమాంచీలో ఒక్కడే కేప్‌టౌన్ నుంచి ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ దాకా ఎక్కడా దిగకుండా వచ్చాడు. దాదాపు 7,900 మైళ్లు. నాకు మూడు గంటలు దాటితే నడుము పట్టేస్తుంది, అది వేరే సంగతి.

వెనక సీట్లలో పెద్దవాళ్లు ఇద్దరు కూర్చోవచ్చు గానీ సుఖంగా కాదు. నలుగురూ, సామానూ, నిండు ట్యాంకులూ మూడూ కుదరవు. మా ఇంట్లో పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. ఊరి నుంచి అమ్మానాన్నా వచ్చినప్పుడు మాత్రం లెక్కలు వేసుకుని పెట్రోల్ తగ్గించాల్సి వచ్చింది. చలికాలంలో వెచ్చదనం కోసం ముక్కులో పెట్రోల్‌తో మండే హీటర్ ఒకటి ఉంటుంది. బాగా పనిచేస్తుంది, కానీ దాని తనిఖీ ఎప్పుడూ వాయిదా వేయకూడదు.

దించడం గురించి చాలా కథలు వింటారు. అందులో నిజం ఉంది. విమానం నేలకు బాగా దగ్గరగా కూర్చుంటుంది, రెక్క నున్నటి లామినార్ రకం, అంటే గాలి పెద్దగా చెదరకుండా జారిపోయేది. నాలుగు మైళ్ల వేగం ఎక్కువతో వచ్చినా రన్‌వే మీద తేలుతూ పోతుంది. ముందే చక్రాలు తాకిస్తే మళ్లీ పైకి లేస్తుంది. వేగం సరిగ్గా పట్టుకుంటే ఏ పేచీ లేదు. పట్టుకోకపోతే పక్కన కూర్చున్నవాళ్లు మొహమాటానికి ఏమీ అనరు గానీ, మొహాలు చెప్పేస్తాయి.

ఇక అసలు విషయం. రెండో ఇంజిన్ ఉంది కదా, ఒకటి ఆగినా భయం లేదు అనుకుని ఈ విమానం కొనకండి. ఒక ఇంజిన్ ఆగితే శక్తి సగం పోతుంది, ఎత్తుకు ఎక్కే సామర్థ్యం మాత్రం సగం కాదు, ముప్పాతిక పైనే పోతుంది. ఎగరడానికి కావలసినంత పోగా మిగిలిన శక్తే పైకి తీసుకెళుతుంది, పోయేది ఆ మిగులే కాబట్టి. రెండూ పనిచేసేటప్పుడు నిమిషానికి 1,400 అడుగులకు పైగా ఎక్కే విమానానికి, ఒక్క ఇంజిన్‌తో విమానం మాన్యువల్ చెప్పేది 260 అడుగులు. అదీ సముద్రమట్టం దగ్గర, చల్లటి రోజున, కొత్త విమానానికి. టెక్సస్‌లో జులై మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో, నిండు బరువుతో బయల్దేరేటప్పుడు ఆ అంకె మీద నాకు ఆశ లేదు. అలాంటి రోజున రన్‌వే దాటగానే ఇంజిన్ పోతే ఎక్కడ దించాలో టేకాఫ్‌కి ఇంజిన్ల జోరు పెంచే ముందే పైకి చెప్పుకుంటాను.

పైగా ఎడమ ఇంజిన్ ఆగితే ఎక్కువ ప్రమాదం. ప్రొపెల్లర్లు రెండూ ఒకే వైపు తిరుగుతాయి, కుడి ప్రొపెల్లర్ లాగే బలం విమానం మధ్యగీతకు ఎక్కువ దూరంలో పడి ముక్కును ఎడమకు గట్టిగా తిప్పుతుంది. వేగం ఒక హద్దు కంటే తగ్గితే రడ్డర్ (తోక మీది నిలువు చుక్కాని) పెడల్ పూర్తిగా తొక్కినా ఆగదు. ఆ హద్దును మొదట్లో గంటకు 80 మైళ్లు అన్నారు. 60లలో శిక్షణలోనే, తక్కువ ఎత్తులో ఇంజిన్ ఆపి చూపించేటప్పుడు వరసగా ప్రమాదాలు జరిగాక దాన్ని 90కి పెంచారు. ఈ విమానానికి చెడ్డపేరు వచ్చింది అక్కడే. 1970లో వచ్చిన పీఏ-39లో ప్రొపెల్లర్లు ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో తిరుగుతాయి కాబట్టి ఈ ఎడమ ఇంజిన్ గొడవ లేదు. దొరికితే అది మేలు, కానీ తక్కువ తయారయ్యాయి. 1972లో ఆగ్నెస్ తుఫాను వరద పెన్సిల్వేనియాలోని లాక్ హేవెన్ ఫ్యాక్టరీని ముంచేశాక కొమాంచీల తయారీయే ఆగిపోయింది.

నేను ఆర్నెల్లకోసారి ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, మంచి ఎత్తులో ఒక ఇంజిన్ ఆపించుకుని సాధన చేస్తాను. ఆ ఖర్చును ఇన్సూరెన్స్ లాగే ఏటా లెక్కలో రాసుకోవాలి. రెండో ఇంజిన్ ఫలితం నాకు కనిపించేది రాత్రిపూట అర్కాన్సాలో వాషిటా కొండల మీదుగా వెళ్లేటప్పుడు. అప్పటికే ఎత్తులో ఉంటాం కాబట్టి, ఒకటి ఆగినా మెల్లగా దిగుతూ ఏదో ఒక విమానాశ్రయానికి చేరే వ్యవధి ఉంటుంది. కింద దీపం కూడా కనిపించని చోట దాని విలువ తెలుస్తుంది.

మెయింటెనెన్స్‌లో ముందు చూడాల్సింది ల్యాండింగ్ గేర్. చక్రాలు దిగడానికి సాయపడే రబ్బరు బంజీ తాళ్లను 500 గంటలకు లేదా మూడేళ్లకు, ఏది ముందైతే అప్పుడు మార్చాలని ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఆదేశం ఉంది. ప్రతి 1,000 గంటలకు గేర్ మొత్తం విప్పి చూడాలి. నాకు అమ్మినాయన లాగ్‌బుక్కులో యాన్యువల్ (ఏటా చేయించే తనిఖీ) అంతా బాగుందని సంతకం ఉంది, బంజీలు ఎప్పుడు మార్చారో మాత్రం ఒక్క ముక్క లేదు. కొనేముందు నా మెకానిక్ పట్టుకోవడంతో ధరలో ఆ మేరకు కోత పెట్టించాను. తోక దగ్గరి అడ్డరెక్కను కదిలించే హార్న్ అనే భాగంలో పగుళ్లు వస్తున్నాయని ఇంకో ఆదేశం ఉంది, దాని రికార్డూ అడగండి. రెక్కల్లో పెట్రోల్ ఉండేది రబ్బరు సంచుల్లో. అవి ఎండిపోయి కారడం మొదలైతే ఒకటొకటిగా అన్నీ మార్చుకోవాల్సిందే. ఇక ఇంజిన్ ఓవర్‌హాల్ ఒక్కోదానికి ఇవాళ 40 వేల డాలర్లు దాటుతోంది. మనకేమో రెండు.

రంగు మెరుస్తూ, సీట్లు కొత్తగా ఉండి, మూడేళ్లుగా హ్యాంగర్ దాటని విమానం కంటే, రంగు వెలిసినా వారం వారం ఎగిరేదాన్నే కొనమంటాను. లైకమింగ్ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిపించే ఇరుసు) పైన ఉంటుంది. ఎగరకుండా పడి ఉంటే నూనె కారిపోయి దానికి తుప్పు పడుతుంది. బయటికి కనబడదు, కంప్రెషన్ పరీక్షలోనూ తేలదు. పది గంటలు నడిపాక ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే ఇనుప రజను కనిపిస్తుంది. పరీక్ష చేసే మెకానిక్ కొమాంచీలు తెలిసినవాడై ఉండాలి, అమ్మేవాళ్ల మనిషి కాకూడదు. ఇంటర్నేషనల్ కొమాంచీ సొసైటీలో చేరితే అలాంటివాళ్ల జాడ దొరుకుతుంది. విమానం మీద అప్పులేమైనా ఉన్నాయేమో ఓక్లహోమా సిటీలోని ఎఫ్ఏఏ రిజిస్ట్రీలో వెతికించాకే డబ్బు కట్టండి.

హెచ్-1బీలో ఉన్న తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగేది రిజిస్ట్రేషన్ గురించి. అమెరికా పౌరులూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లూ సొంత పేరు మీద విమానం రిజిస్టర్ చేసుకోవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు, ట్రస్టు ద్వారా వెళ్లాలి, ఏటా దాని ఫీజు ఉంటుంది. రెండింజిన్ల రేటింగ్ శిక్షణకు పౌరులు కానివాళ్లు, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, ముందు టీఎస్ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) అనుమతి తెచ్చుకోవాలి. విమానం బేరం కుదిరాక కాదు, వెతకడం మొదలుపెట్టేటప్పుడే ఆ దరఖాస్తు పెట్టేయండి.