అనేక లైన్లలో పరచుకున్న నమూనా: ఒక్క రెగెక్సా, లైను లైనుగా చదవడమా? ఏది మేలు?

"డాట్‌ఆల్ ఫ్లాగ్ పెడితే ఫైలంతా ఒకే మ్యాచ్‌గా వస్తోంది, తీసేస్తే ఏమీ రావడం లేదు" అన్న ప్రశ్న కొంతకాలంగా నన్ను రకరకాల రూపాల్లో పలకరిస్తోంది. అడిగేవారిలో చాలామందికి రెగెక్స్ (పాఠంలో వెతకవలసిన నమూనాను గుర్తులతో రాసే పద్ధతి) బాగానే తెలుసు. లాగ్ ఫైలులోనో కాన్ఫిగరేషన్ ఫైలులోనో నాలుగైదు లైన్ల మీదుగా సాగే భాగాన్ని విడదీయడానికి ఏ పద్ధతిని నమ్ముకోవాలన్నదే వారి సందేహం. నేను కూడా ఈమధ్యనే ఒక పాత స్క్రిప్టును ఒక పద్ధతి నుంచి మరొక పద్ధతికి మార్చవలసి వచ్చింది కనుక, ఆ మార్పు వెనుక ఉన్న ఆలోచననే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఫ్లాగుల గందరగోళాన్ని పక్కకు తీసేద్దాం. యూనిక్స్ తొలినాళ్లలో ఎడ్ అనే ఎడిటరు, దాని ఆదేశం నుంచే పేరు తెచ్చుకున్న గ్రెప్, పాఠాన్ని ఒక్కొక్క లైనుగానే చూసేవి కాబట్టి వాటిలో, ఏ అక్షరానికైనా సరిపోయే చుక్కకు కొత్త లైను గుర్తు ఎదురయ్యే సందర్భమే ఉండేది కాదు. ఫైలు మొత్తాన్ని ఒకే స్ట్రింగుగా చదివే భాషలు వచ్చాక కూడా చుక్క లైను దాటకపోవడమన్న ఆ అలవాటే నియమంగా నిలిచిపోయింది. ఆ నియమాన్ని సడలించేది పైథాన్‌లో డాట్‌ఆల్. మల్టీలైన్ అన్న ఫ్లాగు చుక్క జోలికే పోదు. ^, $ గుర్తులు ప్రతి లైను మొదట్లో, చివర్లో కూడా సరిపోయేలా చేస్తుంది, అంతే. రూబీలో మాత్రం 'ఎమ్' ఫ్లాగు పెడితే చుక్క కొత్త లైనును కూడా పట్టుకుంటుంది కాబట్టి, ఒక భాష నుంచి మరొక భాషకు నమూనాను తెచ్చుకునేటప్పుడు ఈ తేడాను తప్పక సరిచూసుకోవాలి. జావాస్క్రిప్టుకు డాట్‌ఆల్ వంటి ఫ్లాగు 2018లో గానీ రాలేదు.

ఫైలు మొత్తాన్ని చదివి ఒకే రెగెక్స్‌తో వెతకడంలో ఉన్న సౌలభ్యాన్ని నేను తక్కువ చేయను. ఉద్దేశమంతా ఒక్క లైనులో కనిపిస్తుంది. ఎడిటరులో వెతికి మార్చే పనికి అంతకంటే దగ్గరి దారి లేదు. సీ ప్రోగ్రాములో /* తో మొదలై */ తో ముగిసే వ్యాఖ్యలను ఏరడం వంటి పనులకు ఇది చక్కగా సరిపోతుంది. కంపైలర్ అంగీకరించిన ఫైలులో ప్రతి వ్యాఖ్యకూ ముగింపు ఉండే తీరుతుంది కాబట్టి, స్ట్రింగుల లోపల అవే గుర్తులు వచ్చే అరుదైన సందర్భాలను చూసుకుంటే చాలు. ముగింపు ఉండే తీరుతుందన్న ఆ హామీయే నా దృష్టిలో ఈ పోలికలో అన్నిటికన్నా ముఖ్యమైన అంశం. వేగం, కోడు పొడవు, చదవడానికి వీలు, ఇవన్నీ దాని తర్వాతే వస్తాయి.

నేను మార్చిన స్క్రిప్టు చెల్లింపుల లాగ్‌ను చదివేది. అందులో ప్రతి లావాదేవీ 'మొదలు' అన్న లైనుతో ఆరంభమై, నడుమ ఐదారు లైన్ల వివరాలతో సాగి, ఫలితాన్ని తెలిపే 'ముగిసింది' అన్న లైనుతో పూర్తయ్యేది. మొదటి గుర్తు, ఆ తర్వాత .*? (ఎన్ని అక్షరాలైనా, కానీ వీలైనంత తక్కువ), ఆపైన ముగింపు గుర్తు, వీటికి తోడు డాట్‌ఆల్. ఇదే పాత నమూనా. చాలాకాలం అది ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఒకరోజు ఒక లావాదేవీ నడుస్తుండగా సర్వరు ఆగి, మళ్లీ మొదలైంది. ఆ లావాదేవీకి ముగింపు లైను పడలేదు. రెగెక్స్ అక్కడ ఆగకుండా ముందుకు సాగి, తర్వాతి లావాదేవీ మొదలు లైనును కూడా కలుపుకొని, దాని ముగింపు దగ్గర నిలిచింది. ఫలితంగా, మొదటి లావాదేవీ సంఖ్యకు రెండవ దాని ఫలితం అతుక్కుంది. విఫలమైన చెల్లింపు విజయవంతమైనట్టు నివేదికలోకి చేరింది. నిజంగా పూర్తయిన చెల్లింపు అసలు జరగనే లేదన్నట్టు మాయమైంది. ఎక్కడా ఎర్రర్ రాలేదు, హెచ్చరికా రాలేదు.

'*' పక్కన '?' ఉంది కదా, తక్కువలో తక్కువ పట్టుకోవాలి కదా అని అప్పుడు నాకూ అనిపించింది. ఈ '?' కు ఉన్న లేజీ అన్న పేరును మనం తరచుగా అపార్థం చేసుకునేది ఇక్కడే. అన్నిటికన్నా చిన్న మ్యాచ్‌ను వెతికిపెట్టడం దాని పని కాదు. ఎడమ నుంచి మొదట దొరికిన ప్రారంభం ఖరారైపోయాక, అక్కడి నుంచి అతి దగ్గరలో ఉన్న ముగింపును చూడడం వరకే దాని బాధ్యత. ఆ రెండింటి నడుమ మరొక ప్రారంభం ఉన్నదా అన్నది దానికి తెలియదు, మనం చెప్పలేదు కాబట్టి. చెప్పవచ్చు: ప్రతి అక్షరం ముందూ 'ఇక్కడ కొత్త ప్రారంభం లేకపోతేనే ముందుకు సాగు' అని ప్రతికూల లుక్‌అహెడ్ (ముందున్న పాఠాన్ని తొంగిచూసే షరతు) పెడితే ఈ తప్పు పోతుంది. అయితే అలా వదిలివేయబడిన అసంపూర్ణ లావాదేవీ మ్యాచ్ కాకుండా మౌనంగా జారిపోతుంది. తప్పు సమాచారం రావడం ఆగుతుంది గానీ, ఏదో తప్పిపోయిందన్న సమాచారం మనకు చేరదు.

లైను లైనుగా చదివే పద్ధతిలో ఒక వేరియబుల్ ఉంటే చాలు. ప్రస్తుతం మనం లావాదేవీ లోపల ఉన్నామా, బయట ఉన్నామా అన్నది అది చెబుతుంది. లోపల ఉండగానే మరొక 'మొదలు' ఎదురైతే, ముందరిది అసంపూర్ణమని ఆ క్షణాన తెలుస్తుంది. బయట ఉండగా 'ముగిసింది' వస్తే, ఫైలును ఎవరో మధ్యలో కోసి పంపారని తెలుస్తుంది. లోపల ఉండగానే ఫైలు అయిపోతే, చివరిది ఇంకా నడుస్తోందని తెలుస్తుంది. ఈ మూడింటికీ లైను సంఖ్యతో సహా సమాధానం ఇవ్వగలగడం నాకు ఇరవై లైన్ల అదనపు కోడు కంటే ఎంతో విలువైనదిగా తోచింది. రెండు లావాదేవీల లైన్లు ఒకదానిలో ఒకటి కలగలిసి పడే చోట ఈ తేడా మరీ స్పష్టం. సంఖ్యను బట్టి ఒక్కొక్క లావాదేవీని డిక్షనరీలో వేరువేరుగా పెంచుకుంటూ పోవచ్చు. రెగెక్స్ బ్యాక్‌రిఫరెన్సుతో (ముందు పట్టుకున్న పాఠమే మళ్లీ రావాలని చెప్పే గుర్తుతో) అదే సంఖ్య గల ముగింపును పట్టగలదు గానీ, ఒకసారి మ్యాచ్‌లో చేరిన పాఠాన్ని మళ్లీ చూడకుండా ముందుకు వెళ్తుంది కాబట్టి, నడుమ మొదలైన రెండవ లావాదేవీ దాని కంటబడదు.

మెమరీ వాడకం సంగతి కూడా మన భాషలో పనిచేసేవారు గమనించదగ్గది. పైథాన్ 3.3 నుంచి ఒక స్ట్రింగులోని అక్షరాలన్నీ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలే అయితే అక్షరానికి 1 బైటు చొప్పున నిల్వ అవుతాయి; అందులో ఒక్క తెలుగు అక్షరం ఉన్నా మొత్తం స్ట్రింగు అక్షరానికి 2 బైట్లకు, ఒక్క ఎమోజీ ఉన్నా 4 బైట్లకు మారుతుంది. అంటే 1 గిగాబైటు లాగ్‌లో ఎక్కడో ఒక వినియోగదారు తన పేరును తెలుగులో రాసుకుంటే, ఫైలంతటినీ ఒకే స్ట్రింగుగా తెరిచే స్క్రిప్టుకు దాదాపు 2 గిగాబైట్లు కావాలి. లైను లైనుగా చదివేటప్పుడు ఆ భారం ఆ ఒక్క లైనుకే పరిమితం.

వేగం విషయానికి వస్తే, 2016 జూలై 20న ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు ఆగిపోవడానికి కారణం లైను చివరి ఖాళీలను తొలగించే చిన్న రెగెక్స్. ఒక పోస్టులో దాదాపు 20,000 ఖాళీలు వరుసగా వచ్చి, వాటి తర్వాత లైను ముగియకపోవడంతో, ప్రతి ఖాళీ నుంచీ వెతుకులాట మళ్లీ మొదలై సుమారు 20 కోట్ల పరీక్షల దాకా వెళ్లింది. ముగింపు లేని ప్రారంభాలు వేలకొద్దీ ఉన్న లాగ్ మీద డాట్‌ఆల్ నమూనా నడిపితే జరిగేదీ ఇదే. ఒక్కొక్క ప్రారంభం నుంచి ఫైలు చివరిదాకా పోయి, దొరక్క, వెనుదిరగాలి. గో, రస్ట్ భాషల్లో ప్రామాణికంగా వాడే రెగెక్స్ ఇంజన్లలో ఈ వెనుదిరగడం లేదు గానీ, వాటిలో లుక్‌అహెడ్ కూడా లేదు కనుక పైన చెప్పిన సవరణకు అక్కడ అవకాశం ఉండదు.

ముగింపు గుర్తే లేని రికార్డులకు మాత్రం నేను రెగెక్స్‌నే సంతోషంగా వాడతాను. జావా స్టాక్ ట్రేస్ (ఎర్రర్ ఎక్కడ వచ్చిందో చూపే లైన్ల జాబితా) ఉన్న లాగ్ అటువంటిది. తేదీతో మొదలయ్యే లైను కొత్త రికార్డు; తేదీ లేని లైన్లన్నీ దాని కొనసాగింపు. ఇక్కడ డాట్‌ఆల్ అవసరమే లేదు: తేదీ గల ఒక లైను, ఆ తర్వాత 'కొత్త లైను గుర్తు, వెంటనే తేదీ లేదు, మిగిలిన లైను' అన్న గుంపు ఎన్నిసార్లయినా, అని రాస్తే చాలు. చుక్క లైను దాటదు కాబట్టి నమూనా ఒక్కొక్క అడుగూ ఒక్కొక్క లైనుగా వేస్తుంది, తర్వాతి తేదీ దగ్గర తానే ఆగుతుంది. జావాలో మాత్రం ఇలా గుంపును వేల సార్లు తిప్పే నమూనా స్టాక్ ఓవర్‌ఫ్లో ఎర్రర్‌తో (పైన చెప్పిన సైటు కాదు, స్టాక్ అనే మెమరీ భాగం నిండిపోవడం) కూలిపోవచ్చు. విండోస్‌లో తయారైన ఫైళ్లలో లైను చివర ఉండే అదనపు 'బ్యాక్‌స్లాష్ ఆర్' అక్షరాన్ని కూడా చూసుకోవాలి.

పాఠాన్ని వడపోసే ఆక్ అనే కమాండులో 'ఇక్కడి నుంచి అక్కడి దాకా' అని రాసే పద్ధతి టెర్మినల్‌లో త్వరగా చూడడానికి బాగుంటుంది. ముగింపు లేకపోతే అది కూడా ఫైలు చివరిదాకా పోతుంది. గ్రెప్‌కు 'జెడ్' ఆప్షన్, అటువంటిదే అయిన రిప్‌గ్రెప్‌కు పెద్ద 'యూ' ఆప్షన్ ఒకసారి వెతికి చూడడానికి సరిపోతాయి. పాఠాన్ని మార్చే సెడ్ కమాండులో లైన్లను కలుపుతూ పోవడం సాధ్యమే గానీ, మరుసటి నెల చదివినప్పుడు రాసినవారికే అర్థం కాదు. ఎక్స్‌ఎమ్‌ఎల్, జేసన్ వంటి డేటా ఫార్మాట్లు అయితే వాటిని చదవడానికే రాసిన పార్సర్లను వాడాలి.

నా స్క్రిప్టు ఇప్పుడు లైను లైనుగానే చదువుతుంది; ఒక్కొక్క లైనును గుర్తించడానికి లోపల చిన్న చిన్న రెగెక్స్‌లు ఉన్నాయి, వాటిలో ఏదీ లైను దాటదు. అసంపూర్ణ లావాదేవీలు వాటి లైను సంఖ్యలతో వేరే ఫైలులోకి వెళ్తాయి, రోజూ ఉదయం నివేదిక కంటే ముందు నేను తెరిచేది ఆ ఫైలునే.